వారపు సమీక్షను మధ్యలో వదలకుండా కొనసాగించాలంటే దాన్ని ఎలా అమర్చుకోవాలి?

ప్రశ్న: రాజాజీనగర్ పద్దులు

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులోని పీణ్య పారిశ్రామికవాడలో యంత్రభాగాలు తయారుచేసే ఒక సంస్థలో, అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. మావారు, ఏడో తరగతి చదువుతున్న పాప, ఏడాదిలో కొన్ని నెలలు మాతోనూ మిగతా నెలలు కావలిలోనూ ఉండే అత్తగారు, మామగారు మా కుటుంబం. ఆఫీసు పని, ఇంటి పని, పాప చదువు, పెద్దవాళ్ల వైద్యం, నేను రాయాలనుకుంటున్న ఒక పరీక్ష అన్నీ ఒకచోట పెట్టుకొని చూసుకోవడానికి ప్రతి ఆదివారం సాయంత్రం కూర్చుని, గడిచిన వారాన్ని చూసుకొని రాబోయే వారానికి పనులు నిర్ణయించుకునే పద్ధతి పెట్టుకున్నాను. ఫోన్‌లో క్యాలెండర్, చేతిలో ఒక రూళ్ల నోట్‌బుక్, ఈ రెండే నా సాధనాలు.

ఈ సమీక్ష జరిగిన వారానికీ జరగని వారానికీ ఎంత తేడా ఉంటుందో నాకు స్పష్టంగా తెలుసు. జరిగిన వారంలో మామగారి షుగర్ పరీక్ష తేదీ, స్కూలు ఫీజు గడువు, గ్యాస్ బుకింగ్ వంటివి వేటికవి వాటి రోజున జరిగిపోతాయి, రాత్రి పడుకునేటప్పుడు ఏదో మరిచిపోయానన్న భావన ఉండదు. అయినా ఇది వరుసగా కొన్ని వారాలు సాగి, ఒక పెళ్లో, పండగో, పాపకు జ్వరమో రాగానే ఆగిపోతుంది. ఆగిన తరువాత మళ్లీ మొదలుపెట్టడమే అసలు కష్టం. ఎందుకంటే అప్పటికి నోట్‌బుక్ వెనక పేజీల్లో, ఫోన్‌లో తీసుకున్న ఫోటోల్లో, నాకు నేనే పంపుకున్న వాట్సాప్ సందేశాల్లో, హ్యాండ్‌బ్యాగ్‌లోని రసీదుల్లో చాలా పోగుపడి ఉంటుంది. వాటన్నిటినీ విడదీసి రాసుకోవడానికే రెండు గంటలు పడుతుంది. విడదీయడం పూర్తయ్యేసరికి వంట వేళ అవుతుంది, నిర్ణయించుకోవడం అనే అసలు పని మిగిలిపోతుంది.

దీనికి తోడు నా ఉద్యోగంలో నెలంతా ఒకేలా ఉండదు. 7వ తేదీకి టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే మినహాయించిన ఆదాయపు పన్ను) కట్టాలి, 11కి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల జీఎస్టీ రిటర్ను), 20కి జీఎస్టీఆర్-3బి (నెలవారీ జీఎస్టీ సారాంశ రిటర్ను) దాఖలు కావాలి. ఆ తేదీల ముందు వచ్చే ఆదివారాల్లో మళ్లీ ఇంకో లెక్క ముందు కూర్చోవడానికి మనసు ఒప్పుకోదు. ఆదివారం సాయంత్రమే ఊరి నుంచి ఫోన్లు కూడా వస్తాయి, అవి నాకు కావలసినవే, వాటిని తగ్గించుకోలేను.

కాబట్టి నేను అడుగుతున్నది ఇది. సమీక్షలో ఏ భాగాన్ని తీసేసినా ప్రయోజనం చెడదు, ఏ భాగాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఉంచుకోవాలి? ఒకటి రెండు వారాలు తప్పినప్పుడు తిరిగి ఎలా అందుకోవాలి? కొత్త యాప్‌లు సూచించవద్దని మనవి, సాధనం వల్ల నాకు ఇబ్బంది లేదు. ఏళ్ల తరబడి ఇలాంటి పద్ధతిని నిలబెట్టుకున్నవారు తమ అమరికను కొంచెం వివరంగా చెబితే చాలా మేలు చేసినవారవుతారు.

జవాబు: జయనగర్ విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

అమ్మా, మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. విడదీయడానికి రెండు గంటలు పడుతోందని, నిర్ణయించుకోవడానికి సమయం మిగలడం లేదని మీరే రాశారు. ఇవి రెండు వేరు వేరు పనులు. మీరు వాటికి ఒకే సమయం కేటాయించారు, అందువల్ల పోగైనదాన్ని సర్దే పని ముందుకు వచ్చి, ఆలోచించే పనిని మింగేస్తోంది. సమీక్షను చిన్నది చేయడమంటే ప్రశ్నలు తగ్గించడమని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో తీసేయవలసింది ఆ సర్దుబాటునే. దాన్ని సమీక్షలోంచి పూర్తిగా బయటికి తెచ్చి రోజువారీ పనిగా మార్చాలి.

మీరు పద్దులు రాసేవారు కాబట్టి మీ పనిలోంచే చెబుతాను. ఏ రోజు చిట్టా (రోజువారీ జమాఖర్చుల పుస్తకం) ఆ రోజు రాసి ఉంటే నెలాఖరున ఆవర్జా (ఖాతాల పుస్తకం) తేల్చడం పెద్ద పని కాదు. వోచర్లన్నీ సంచిలో వేసి ఉంచి నెలాఖరున తీస్తే ఎంత అనుభవజ్ఞుడికైనా అది శిక్షే. బ్యాంకులో క్యాష్ టాలీ కాకుండా ఆ రోజుల్లో మమ్మల్ని ఇంటికి పంపేవారు కాదు, కానీ రోజూ జరిగేది కాబట్టి అది ఎవరికీ భారంగా తోచేది కాదు. మీ సొంత పనులకూ అదే క్రమం పెట్టండి. పీణ్య నుంచి రాజాజీనగర్‌కు మెట్రోలో వస్తారనుకుంటాను. ఆ దారిలో కూర్చోడానికి చోటు దొరికినా దొరకకపోయినా ఫోన్ తీసి ఆ రోజు వాట్సాప్‌లో మీకు మీరు పంపుకున్నవి, ఫోటో తీసుకున్నవి చూసి, ఒక్కొక్కటీ ఒక్క వాక్యంగా ఒకే చోట రాసేయండి. తేదీ ఉన్నదైతే క్యాలెండర్‌లోకి, తేదీ లేనిదైతే జాబితాలోకి. యశవంతపుర దాటేలోగా అయిపోయే పని అది. ఇంటికి చేరాక చెయ్యాలనుకుంటే జరగదు, గుమ్మం దాటగానే ఇల్లు మిమ్మల్ని తీసేసుకుంటుంది.

ఇక ఆ వాక్యం ఎలా రాయాలన్నది నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే సంగతి. చాలామంది నోట్‌బుక్‌లో ‘ఇన్సూరెన్స్’ అని ఒక మాట రాసి వదిలేస్తారు. వారం తరువాత ఆ మాట చూసినప్పుడు ఏ ఇన్సూరెన్స్, ఏం చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని మళ్లీ మొదటినుంచీ ఆలోచించాలి. అలాంటి మాటలు ముప్పై ఉంటే సమీక్ష ముప్పై చిక్కుముడుల పేజీ అవుతుంది, దాన్ని తెరవడానికే చెయ్యి రాదు. అదే ‘స్కూటర్ ఇన్సూరెన్స్ గడువు తేదీని బీరువాలోని ఆర్‌సీ కవర్లో ఉన్న పాలసీ కాగితం మీద చూడాలి’ అని రాస్తే, ఆలోచన ముందే ముగిసింది, మిగిలింది బీరువా తెరవడమే. రాసేటప్పుడు పెట్టే ఆ పది క్షణాల శ్రమ ఆదివారం నాడు ఎంతో సమయాన్ని మిగులుస్తుంది. ‘మామగారి డాక్టరు’ అని కాక ‘మామగారి పాత రిపోర్టులు ఫైల్లో పెట్టి, శనివారం ఉదయానికి అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేయాలి’ అని రాయండి. క్రియ లేని మాటను జాబితాలోకి రానివ్వకండి.

ఇందుకు శాస్త్రీయమైన ఆధారం కూడా ఉంది. మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన ప్రయోగాల ప్రకారం, పూర్తికాని పని ఒకటి మనసులో ఉన్నప్పుడు అది మరో పని చేస్తుండగా మధ్యలో వచ్చి ఆటంకపరుస్తుంది. అయితే ఆ పనిని ఎప్పుడు, ఎలా చేస్తామో నిర్దిష్టంగా రాసుకున్నవారిలో, పని ఇంకా జరగకపోయినా, ఆ ఆటంకం చాలావరకు పోయింది. రాత్రి పడుకునేటప్పుడు ఏదో మరిచిపోయానన్న భావన ఉండదని మీరు రాసినది ఇదే. దాన్ని తెచ్చిపెట్టేది ఆదివారపు రెండు గంటలు కావు, ప్రతి పనికీ ఎప్పుడు, ఎలా అన్నది తేలి ఉండటం.

సర్దుబాటు పోయాక సమీక్షలో మిగిలేది మూడు చూపులు. గడిచిన వారపు క్యాలెండర్‌ను ఒకసారి వెనక్కి చూడటం మొదటిది, ఎందుకంటే కలిసిన ప్రతి మనిషీ, వెళ్లిన ప్రతి చోటూ ఏదో ఒక చిన్న బాకీని మిగులుస్తాయి. జాబితా చదివి ఈ వారానికి కొన్నింటిని ఎంచుకోవడం రెండవది. మూడవది ముందుచూపు, దీన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి. రాబోయే వారాన్నే చూస్తే చాలదు, కనీసం అరవై రోజులు చూడాలి. మనలాంటి ప్రవాసులకు ఈ అరవై అనే సంఖ్య ఊరికే చెప్పింది కాదు. 2024 నవంబరు 1 నుంచి రైలు టికెట్ల ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. సంక్రాంతికి జనవరి 12న బండెక్కాలంటే నవంబరు 13 ఉదయం 8 గంటలకు బుకింగ్ మొదలవుతుంది. ఆ తేదీని ముందే క్యాలెండర్‌లో చూసి ఉంచుకున్నవారికి బెర్తు దొరుకుతుంది, లేనివారు పండగ ముందు బస్సులకు రెట్టింపు ఇచ్చుకోవాలి. వెనకచూపు ఒక వారం తప్పినా పెద్దగా నష్టం లేదు. ముందుచూపు తప్పితే డబ్బు రూపంలోనే తెలుస్తుంది.

జవాబు: ఎలక్ట్రానిక్ సిటీ ఉదయం

పెద్దాయన చెప్పిన విభజనతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రెండు విషయాలు కలపాలనుకుంటున్నాను, వాటిలో ఒకటి రోజు గురించి.

ఆదివారం సాయంత్రాన్ని మీరు మార్చుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. ఆ వేళకు బ్యాంకు, స్కూలు ఆఫీసు, డాక్టరు క్లినిక్ ఏదీ తెరిచి ఉండదు. సమీక్షలో ఒక చిన్న సందేహం వస్తే అక్కడికక్కడ తీర్చుకునే వీలుండదు, అది మళ్లీ జాబితాలోకే వెళ్తుంది. శుక్రవారం మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆఫీసులోనే ఒక అరగంట కేటాయించి చూడండి. అందులో బయటపడిన రెండు ఫోన్ కాల్స్ అప్పుడే చేసేయవచ్చు, శనివారం చేయవలసిన బజారు పనులు కూడా తేలిపోతాయి. అన్నిటికీ మించి ఆదివారం సాయంత్రం ఊరి ఫోన్లకు, ఇంట్లోవారికి దక్కుతుంది. 7, 11, 20 తేదీలు శుక్రవారానికి దగ్గరగా పడిన వారాల్లో దాన్ని గురువారానికి జరుపుకుంటానని ఇప్పుడే, ఏడాది క్యాలెండర్ ముందు పెట్టుకొని రాసేయండి. ఆ వారం వచ్చాక ఆలోచిస్తే వాయిదానే గెలుస్తుంది. ‘ఫలానా పరిస్థితి ఎదురైతే ఫలానా పని చేస్తాను’ అని ముందుగా రాసుకున్న సంకల్పాలు మామూలు సంకల్పాలకంటే ఎక్కువగా నెరవేరతాయని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాసిన వ్యాసంలో అనేక ప్రయోగాల ఆధారంగా వివరించారు.

రెండో విషయం, అలవాటు అవుతుందన్న ఆశ గురించి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనాన్ని చాలామంది ఉదహరిస్తుంటారు. అందులో ఒక పని ఆలోచించకుండా జరిగే స్థితికి చేరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల వరకు మారింది. అయితే ఆ పనులు రోజూ చేసేవి, భోజనంతోపాటు ఒక పండు తినడం, నీళ్లు తాగడం, కాసేపు నడవడం వంటివి. వారానికి ఒకసారి చేసే పనికి ఏడాదిలో వచ్చే అవకాశాలే 52. కాబట్టి వారపు సమీక్ష పళ్లు తోముకోవడంలాగా దానంతటది జరిగిపోయే రోజు వస్తుందని ఎదురుచూడకూడదని నేను అనుకుంటున్నాను. అలా రాకపోవడం మీ లోపం కాదు, ఆ పని స్వభావం అంతే. అందువల్ల దానికి ఎప్పటికీ బయటినుంచి ఒక ఆసరా కావాలి. ఒక స్థలం, ఒక వేళ, వీలైతే ఎదురుచూసే ఒక మనిషి. అదే అధ్యయనంలో మీకు పనికివచ్చే మరో ఫలితం ఉంది. మధ్యలో ఒకసారి తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడే క్రమానికి చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు.

నేను ఈ పని చేసేటప్పుడు ఆఫీసులో నా సీటు దగ్గర కూర్చోను. క్యాంటీన్‌లో కిటికీ పక్కన ఒక బల్ల ఉంది, ఆ వేళకు అక్కడ ఎవరూ ఉండరు. ల్యాప్‌టాప్ తీసుకువెళ్లను, నోట్‌బుక్, ఫోన్ మాత్రమే. ల్యాప్‌టాప్ తెరిచి ఉంటే మెయిల్‌కు జవాబివ్వడం మొదలవుతుంది, జవాబివ్వడం మొదలయ్యాక అది సమీక్ష కాదు. ఒక పని రెండు నిమిషాల్లో అయిపోతుందని తోచినా ఆ అరగంటలో చేయను, గుర్తు పెట్టుకొని చివర్లో చేస్తాను. ఫోన్ కాల్స్ కూడా చివర్లోనే.

జవాబు: కె.ఆర్.పురం ట్యూషన్లు

నమస్తే అండీ. నేను ఇంటి దగ్గర పిల్లలకు లెక్కలు చెబుతాను, దానితోపాటు ఇంటినుంచే కొంత అనువాదం పని చేస్తాను. పైన ఇద్దరూ చెప్పినదాన్ని కాదనను కానీ, ఇద్దరూ ఒక్కరే కూర్చుని చేసుకునే సమీక్ష గురించే రాశారు. మీ జాబితాలో ఉన్నవాటిని ఒకసారి చూడండి. మామగారి పరీక్ష, స్కూలు ఫీజు, గ్యాస్, ఊరి ప్రయాణం. వీటిలో ఏదీ మీ ఒక్కరి పని కాదు. ఇల్లంతటి పనులను ఒక్కరే గుర్తుపెట్టుకొని, ఒక్కరే సమీక్షించి, ఆ తరువాత మిగతావారికి గుర్తుచేస్తూ ఉంటే ఆ పద్ధతి ఎంత చక్కగా ఉన్నా మనిషి అలసిపోతుంది. అలసట వల్ల ఆగిన సమీక్షను సమయపాలన లోపంగా చూసుకోకూడదు.

మా ఇంట్లో దీన్ని రెండుగా చేశాం. నా చదువు, నా విద్యార్థులు, నా అనువాదాలు నా నోట్‌బుక్‌లో ఉంటాయి. ఇంటి పనులకు వంటింట్లో ఫ్రిజ్ మీద ఒక పెద్ద కాగితం ఉంటుంది. శనివారం ఉదయం టిఫిన్ అయ్యాక, రెండో కాఫీతో మావారూ నేనూ దాని ముందు కూర్చుంటాం. ప్రతి పని పక్కనా ఒక పేరు ఉండాలి, ‘మనం’ అని రాయడం నిషిద్ధం. పేరు రాసుకున్నవారిదే దాన్ని గుర్తుపెట్టుకునే బాధ్యత కూడా, రెండోవారు వారం మధ్యలో అడగరు. మొదట్లో మావారి పేరు మీద ఉన్న ఒకటి రెండు పనులు జరగలేదు. నేను కలగజేసుకోలేదు, తరువాతి శనివారం ఆ కాగితమే అడిగింది. మీ పాప ఏడో తరగతి కాబట్టి ఆమె పేరు కూడా రాయవచ్చు. మా అబ్బాయి పేరు మీద మంచినీళ్ల క్యాన్ చెప్పడం ఉంటుంది, అది ఈరోజు వరకు తప్పలేదు.

ఇంకొకటి, వారానికి ఎన్ని పనులు ఎంచుకోవాలన్నది. సమీక్షకు కూర్చోబుద్ధి కాకపోవడానికి అసలు కారణం చాలాసార్లు ఇదేనని నాకు అనిపిస్తుంది. పోయిన వారం పదిహేను రాసుకొని ఆరు చేస్తే, ఈ వారం ఆ పేజీ తెరవగానే మిగిలిపోయిన తొమ్మిదే ఎదురవుతాయి. మనుషులు తమ పనికి పట్టే సమయాన్ని తక్కువగా లెక్కవేస్తారనడానికి 1994లో వచ్చిన ఒక పరిశోధన ఉంది. బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే పరిశోధకులు థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారని అడిగారు. సగటున 34 రోజులని చెప్పారు, నిజానికి 55 రోజులకు పైగా పట్టింది. ఎక్కడా ఏదీ కలిసిరాకపోతే ఎంత పడుతుందని అడిగినప్పుడు చెప్పిన అంచనా కూడా 49 రోజుల దగ్గరే ఆగింది. అంటే చెడ్డ పరిస్థితిని ఊహించుకొని వేసిన లెక్క కూడా చాలలేదు. కాబట్టి ఈ వారం ఏం చేయగలనని ఊహించుకోకండి, పోయిన వారం నిజంగా ఎన్ని అయ్యాయో చూసి అన్నే రాసుకోండి. ఆరు అయితే ఆరు. మీ 20వ తేదీ ఉన్న వారంలో మూడే అనుకోండి. అన్నీ పూర్తయిన పేజీ మీద మళ్లీ కూర్చోవడానికి మనిషికి ఉత్సాహం ఉంటుంది.

అరవై రోజుల ముందుచూపు గురించి పెద్దాయన చెప్పినది నేనూ పాటిస్తాను. నాకు సొంత ఆదాయం ఉంది కాబట్టి అడ్వాన్స్ టాక్స్ (ఆదాయపు పన్నును ముందుగానే వాయిదాల్లో కట్టడం) తేదీలు, అంటే జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో 15వ తేదీలు, ఏడాది మొదట్లోనే రాసి ఉంచుతాను. వాటికి ఒక నెల ముందు కూడా ఒక గుర్తు పెడతాను, డబ్బు పక్కన పెట్టుకోవడానికి. గడువు తేదీని మాత్రమే రాస్తే అది ఎదురైన రోజున చేతిలో డబ్బు ఉండకపోవచ్చు.

తిరుగు ప్రశ్న: రాజాజీనగర్ పద్దులు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. సర్దుబాటును మెట్రోలోకి మార్చడం, శుక్రవారం మధ్యాహ్నం, పేరు రాయడం, ఈ మూడూ నేను వెంటనే మొదలుపెడతాను. మావారికి కూడా ఈ జవాబులు చదివి వినిపించాను, ఫ్రిజ్ మీద కాగితానికి ఆయన ఒప్పుకున్నారు.

రెండు సందేహాలు మిగిలాయి. కన్నడం చదవడం నేర్చుకోవాలన్నది నా జాబితాలో చాలాకాలంగా ఉంది. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను, మాట్లాడటం వచ్చు, లిపి కూడా మనదానికి చాలా దగ్గరే, నాకు నిజంగానే ఇష్టం. కానీ ప్రతి వారం దాన్ని చూసి దాటిపోతున్నాను, కొట్టేయడానికి మనసు రాదు. ఇలాంటివాటిని ఏం చేయాలి? రెండవది, దసరాకు కావలి వెళ్లి పది పన్నెండు రోజులు ఉండి వస్తాం. అక్కడ మెట్రో లేదు, శుక్రవారపు క్యాంటీన్ లేదు. తిరిగి వచ్చాక మొదటి సమీక్ష ఎలా ఉండాలి?

జవాబు: జయనగర్ విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

మొదటి సందేహానికి నా సమాధానం ఇది. ప్రతి వారం చూసి ప్రతి వారం దాటిపోయే పని జాబితా మొత్తాన్ని పాడుచేస్తుంది, ఎందుకంటే దాన్ని దాటడం అలవాటైన కన్ను దాని పక్కన ఉన్నవాటినీ దాటడం నేర్చుకుంటుంది. అందువల్ల అలాంటివాటిని నోట్‌బుక్ చివర ఒక ప్రత్యేకమైన పేజీలోకి మార్చండి, వారపు సమీక్షలో ఆ పేజీ తెరవకండి. ఏడాదిలో మూడు నాలుగు సార్లు తెరవండి, సంక్రాంతి, ఉగాది, వినాయక చవితి, దీపావళి అనుకోండి. సంవత్సరారంభం, పుట్టినరోజు, కొత్త నెల వంటి మైలురాళ్ల దగ్గర మనుషులు కొత్త లక్ష్యాలవైపు ఎక్కువగా మొగ్గు చూపుతారని 2014లో డై, మిల్క్‌మన్, రీస్ అనే పరిశోధకులు చూపించారు. మనకు ఉగాది ఉండగా వేరే మైలురాయి వెతుక్కోనక్కరలేదు. ఆ రోజు పేజీ తెరిచి, ఒకే ఒక్కదాన్ని ఎంచుకొని వారపు జాబితాలోకి తీసుకురండి, అదీ మళ్లీ క్రియతో. ‘కన్నడం నేర్చుకోవాలి’ అని కాదు, ‘మెట్రో దారిలో గొరగుంటెపాళ్య నుంచి ఇంటివరకు కనిపించే దుకాణాల బోర్డులు కన్నడంలో చదవాలి’ అని. మన లిపి తెలిసినవారికి తలకట్టు దగ్గర వచ్చే తేడా పట్టుబడితే చాలా అక్షరాలు వాటంతటవే తెలుస్తాయి. రోజూ వెళ్లే దారే మీ పాఠం అవుతుంది.

మీరు ఊరినుంచి తిరిగి వచ్చాక చేయవలసిన సమీక్ష గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే అందరి పద్ధతులూ తెగిపోయేది అక్కడే. తిరిగి వచ్చినవారు పది రోజుల బాకీ మొత్తం తీర్చి ఆ తరువాత ముందుకు వెళ్లాలనుకుంటారు. అది చేయకండి. మొదటి శుక్రవారం వెనకచూపు పూర్తిగా మానేయండి. క్యాలెండర్ తెరిచి రాబోయే పద్నాలుగు రోజులు మాత్రం చూడండి, అందులో తేదీ ఉన్నవాటిని ఎంచుకోండి, అంతటితో ఆపండి. దానికి పదిహేను నిమిషాలు చాలు. పోగైన కాగితాలు, సందేశాలు అన్నిటినీ ఒక కవర్లో వేసి పైన తేదీ రాయండి. ఆ తరువాతి వారం రోజూ మెట్రోలో ఆ రోజు సందేశాలతోపాటు ఆ కవర్లోంచి కొన్ని తీసి రాస్తూ పోతే కవరు ఖాళీ అవుతుంది. నిజంగా గడువు ఉన్నది ఏదైనా అందులో దాగి ఉంటుందని భయమనిపిస్తే, కవర్లో వేసేటప్పుడే డబ్బు, డాక్టరు, స్కూలు ఈ మూడింటికి చెందినవాటిని మాత్రం పక్కకు తీయండి. మిగతావన్నీ ఒక వారం ఆగగలవు.

ఊళ్లో ఉన్నన్ని రోజులూ సమీక్ష పెట్టుకోకండి. బయలుదేరేముందు శుక్రవారం నాడే, తిరిగి వచ్చాక వచ్చే మొదటి శుక్రవారం పేజీని తెరిచి, పైన తేదీ వేసి, ఆ వారంలో తప్పనిసరిగా ఉన్న రెండు మూడు గడువులు రాసి ఉంచండి. దసరా తరువాత ఆ నెల 20వ తేదీ ఎప్పుడు పడుతుందో మీకు ఇప్పుడే తెలుసు కదా. ఖాళీ పేజీ ముందు కూర్చోవడం కంటే, తన చేతిరాతతో అప్పటికే మొదలైన పేజీ ముందు కూర్చోవడం ఎవరికైనా తేలిక.